లెక్క కుదరని దారి: కొలీజియం పెద్దలకు ఒక జిల్లా కోర్టు న్యాయవాది బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత ప్రధాన న్యాయమూర్తి గారికి, న్యాయమూర్తుల పదవులకు పేర్లు సిఫార్సు చేసే సుప్రీంకోర్టు కొలీజియం సభ్యులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల ప్రధాన న్యాయమూర్తులకు, ఆ కోర్టుల కొలీజియం సభ్యులకు నమస్కారాలతో రాస్తున్నది.

నేను జిల్లా కోర్టులో 31 సంవత్సరాలుగా ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని. హైకోర్టు న్యాయమూర్తి పదవికి నేను అభ్యర్థిని కాను, ఎన్నడూ కాలేదు. మా ఇంట్లో న్యాయాధికారులు ఎవరూ లేరు. జిల్లా జడ్జిలు హైకోర్టుకు చేరే దారి గురించి ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక వీడ్కోలు సభ.

గత ఏడాది మా బార్ అసోసియేషన్ హాల్లో ఒక జిల్లా జడ్జి గారికి పదవీ విరమణ సభ జరిగింది. ఆయన మున్సిఫ్ మేజిస్ట్రేటుగా (ఇప్పటి మాటలో జూనియర్ సివిల్ జడ్జిగా) మొదటి పోస్టింగుకు వచ్చిన రోజుల్లోనే నేను నల్లకోటు వేసుకున్నాను. నా మొదటి గట్టు తగాదా దావా ఆయన కోర్టులోనే నడిచింది. స్థలం చూసి రమ్మని కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ ఇచ్చిన నివేదిక ఒకటి చెబుతోంది, సాక్షులు ఇంకొకటి చెబుతున్నారు. ఆయన ఇరుపక్షాల వకీళ్లను వెంటబెట్టుకుని మార్చి ఎండలో పొలానికి వచ్చారు. సర్వేయరు గొలుసు ఆగిన ప్రతి చోటా నిలబడి చూశారు. ఇద్దరు అన్నదమ్ములూ తలలు వంచుకుని నిలబడ్డారు. ఆ తీర్పు సబ్ కోర్టులో నిలిచింది, రెండో అప్పీలులో హైకోర్టులోనూ నిలిచింది. ఓడిపోయింది నా కక్షిదారే అయినా, ఆ తీర్పు కాపీని ఇప్పటికీ నా దగ్గర ఉంచుకున్నాను. కొత్తగా వచ్చే జూనియర్లకు చదవమని ఇస్తాను.

వీడ్కోలు సభలో మాట్లాడిన వారంతా ఒకే మాట అన్నారు: ఈయన హైకోర్టుకు వెళ్లవలసిన మనిషి అని. ఆయన మాత్రం తన బెంచి గుమాస్తాలకు, స్టెనోలకు, అటెండర్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. కారు దగ్గర నేను ఉండబట్టలేక అడిగాను. "లెక్క కుదరలేదండీ" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి నేను ఆ లెక్క వేసి చూశాను. మీ ముందు పెట్టదలచుకున్నది అదే.

మన దగ్గర హైకోర్టు న్యాయమూర్తి కావడానికి రెండు దారులు. ఒకటి బార్ నుంచి, అంటే న్యాయవాదిగా ఉంటూ. రెండోది సర్వీసు నుంచి, అంటే జిల్లా న్యాయవ్యవస్థలో న్యాయాధికారిగా కింది నుంచి. రాజ్యాంగం 217వ అధికరణం రెండింటికీ సమానంగా పదేళ్లే అడిగింది: పదేళ్లు న్యాయాధికార పదవిలో ఉండాలి, లేదా పదేళ్లు హైకోర్టు న్యాయవాదిగా ఉండాలి. ఆ అధికరణంలో న్యాయాధికారి అన్న మాటే ముందు వస్తుంది. ఎవరు ఎంతమంది ఉండాలన్న వాటా రాజ్యాంగంలో ఎక్కడా లేదు. మూడింట రెండు వంతులు బార్ నుంచి, ఒక వంతు సర్వీసు నుంచి అన్నది మనం అలవాటుగా పాటిస్తున్న పద్ధతి.

వాటా గురించి నాకు పేచీ లేదు. పేచీ వయసుతోనే. బార్ నుంచి సిఫార్సు చేసే వారి వయసు 45కూ 55కూ మధ్య ఉండాలన్నది మీరు అనుసరిస్తున్న ప్రమాణం. సర్వీసు నుంచి వచ్చేవారికి గరిష్ఠంగా 58 ఏళ్ల 6 నెలలు. ఇద్దరికీ పదవీ విరమణ 62 ఏళ్లకే.

ఇప్పుడు కింది మెట్టు నుంచి ఎక్కి చూడండి. ఇరవయ్యేళ్ల ప్రాయం చివర్లో పరీక్ష రాసి జూనియర్ సివిల్ జడ్జి అవుతారు. తర్వాత సీనియర్ సివిల్ జడ్జి. ఆ తర్వాత జిల్లా జడ్జి కేడరు. మా ప్రాంతంలో నేను చూసినంతలో, మామూలు పదోన్నతిలో వచ్చినవారు అదనపు జిల్లా జడ్జి కుర్చీలో కూర్చునేసరికి 45 దాటుతోంది. అక్కడి నుంచి సీనియారిటీ జాబితాలో పైకి జరగడానికి మరో పదేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. పేరు పరిశీలనకు వచ్చేసరికి 57 నిండి ఉంటాయి. పేరు పంపిన తర్వాత ముఖ్యమంత్రి, గవర్నరు అభిప్రాయాలు, ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక, కేంద్ర న్యాయశాఖ, సుప్రీంకోర్టు కొలీజియం, చివరికి రాష్ట్రపతి ఉత్తర్వు. అదంతా పూర్తై ప్రమాణ స్వీకారం చేసేసరికి మిగిలేది మూడేళ్లు, అదృష్టం బాగుంటే నాలుగు. అందులో మొదటి రెండేళ్లు 224వ అధికరణం కింద అదనపు న్యాయమూర్తిగా గడిచిపోవచ్చు.

47 ఏళ్లకు బార్ నుంచి వెళ్లిన వారికి అదే కోర్టులో 15 ఏళ్లు ఉంటాయి. రిట్లు, అప్పీళ్లు, పన్నులు, క్రిమినల్ బెంచీలు అన్నీ తిరిగి చూస్తారు. కాలం గడిచేకొద్దీ వరుసలో ముందుకొస్తారు. హైకోర్టు కొలీజియం అంటే ప్రధాన న్యాయమూర్తి, ఆ తర్వాతి ఇద్దరు సీనియర్లు. మూడేళ్ల కోసం వచ్చిన న్యాయమూర్తి ఆ ముగ్గురిలో ఒకరు కావడం దాదాపు అసాధ్యం. కనుక తర్వాతి తరం న్యాయమూర్తులను ఎన్నుకునే గదిలో మున్సిఫ్ కోర్టులో కూర్చున్న అనుభవం ఉన్న మనిషి చాలా అరుదుగా ఉంటారు. ప్రధాన న్యాయమూర్తి పదవికీ, సుప్రీంకోర్టుకూ వెళ్లే వరుస కూడా అదే కాబట్టి, కింద జరిగిన ఆలస్యం చివరి దాకా వెంటాడుతుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది ఇదే. ఒక్క మనిషికి పదవి దక్కలేదన్న బాధ కాలంతో పోతుంది. ఎంపిక చేసే చోట ట్రయల్ కోర్టు కళ్లు లేకపోవడం ఒక తరం నుంచి ఇంకో తరానికి అలాగే సాగిపోతుంది.

ఇది ఎప్పుడూ ఇలాగే ఉందని అనుకోవడానికి లేదు. ఈ దేశంలో మొట్టమొదటి మహిళా హైకోర్టు న్యాయమూర్తి అన్నా చాండీ 1937లో తిరువాన్కూరు సంస్థానంలో మున్సిఫ్‌గా చేరారు. 1948లో జిల్లా జడ్జి అయ్యారు. 1959లో కేరళ హైకోర్టుకు వెళ్లారు. మున్సిఫ్ కుర్చీ నుంచి హైకోర్టు దాకా 22 ఏళ్లు. 1967 వరకు, అంటే ఎనిమిదేళ్లు, ఆమె హైకోర్టులో పనిచేయగలిగారు. సుప్రీంకోర్టుకు చేరిన మొదటి మహిళ ఫాతిమా బీవీ కూడా ఈ మెట్లే ఎక్కారు. 1950లో మున్సిఫ్, 1974లో జిల్లా జడ్జి, 1983లో కేరళ హైకోర్టు. అప్పటికి 33 ఏళ్లు పట్టింది. హైకోర్టులో ఆమెకు దక్కింది ఆరేళ్ల లోపే. 1989 ఏప్రిల్‌లో పదవీ విరమణ చేశాక, అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టుకు పిలిచారు కనుక ఆ ప్రతిభ దేశానికి మరో కొన్నాళ్లు అందింది. ఒక తరం తేడాలోనే అదే కేరళలో అదే దారి 11 ఏళ్లు పొడవు పెరిగింది.

మన వైపు చూస్తే నాకు కోకా సుబ్బారావు గారు గుర్తొస్తారు. బాపట్లలో ఆయన కొన్ని నెలలు డిస్ట్రిక్ట్ మున్సిఫ్‌గా పనిచేశారు. తర్వాత మద్రాసుకు వెళ్లి న్యాయవాదిగా స్థిరపడ్డారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పీఠానికి చేరారు. బాపట్ల కోర్టు వైపు పని మీద వెళ్లినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన: ఆయన ఆ మున్సిఫ్ ఉద్యోగంలోనే ఉండిపోయి ఉంటే ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు రాసే చోటికి ఏ వయసులో చేరేవారు? అసలు చేరేవారా?

బార్ నుంచి వచ్చినవారిని తక్కువ చేయాలన్నది నా ఉద్దేశం కాదు. నేనూ బార్ మనిషినే. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి జస్టిస్ అమరేశ్వరి గారు 1978లో బార్ నుంచే వెళ్లారు. ప్రభుత్వాన్ని నిలదీసే రిట్లు వాదించినవారికి ఉండే స్వతంత్ర బుద్ధి హైకోర్టుకు ప్రాణవాయువు లాంటిది. కానీ హైకోర్టు పని రిట్లతో అయిపోదు. హత్య కేసుల అప్పీళ్లు ఉన్నాయి. సాక్షి తన పక్షం వకీలు అడిగే చీఫ్‌లో ఒక మాట చెప్పి, ఎదుటి వకీలు అడిగే క్రాస్‌లో నీళ్లు నమిలిన క్షణం కాగితం మీద ఒక్క వాక్యంగానే కనిపిస్తుంది. అలాంటి సాక్షులను వందల మందిని ఎదురుగా చూసి, వారి మాటలను తానే రికార్డు చేసిన మనిషి ఆ వాక్యాన్ని చదివే తీరు వేరు. మా ప్రాంతపు భూమి దావాలు చూడండి. ఊరి భూమి లెక్క అయిన అడంగల్‌లో ఒక పేరు, పాస్ పుస్తకంలో ఇంకొక పేరు, తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం, వేలిముద్ర, చనిపోయిన సాక్షి. తెలంగాణలో సాదా బైనామాల (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకాల) చిక్కులు ఇంకా లోతైనవి. వీటిని ఇరవయ్యేళ్లు విప్పుకుంటూ వచ్చిన అనుభవానికి రెండో అప్పీలు వినే బెంచి మీద చోటు ఉండాలి కదా.

పరిపాలన సంగతి కూడా ఉంది. 235వ అధికరణం కింద జిల్లా న్యాయవ్యవస్థ మీద అజమాయిషీ హైకోర్టుదే. పోస్టింగులు, బదిలీలు, పదోన్నతులు, న్యాయాధికారుల పనితీరుపై రహస్య నివేదికలు అన్నీ అక్కడి నుంచే నడుస్తాయి. ఒక జూనియర్ సివిల్ జడ్జి ఉదయం ఆ రోజు కేసులన్నీ పిలిచే కాల్ వర్క్ చేసి, రిమాండ్లు చూసి, మధ్యలో మరణ వాంగ్మూలం రికార్డు చేయడానికి ఆసుపత్రికి పరుగెత్తి, తిరిగొచ్చి సాక్షులను విని, రాత్రి ఇంట్లో తీర్పు రాస్తారు. నెలాఖరుకు, తేల్చిన కేసులకు వచ్చే యూనిట్ల లెక్క చూపాలి. ఆ రోజు ఎలా గడుస్తుందో ఒంటికి తెలిసిన న్యాయమూర్తులు ఆ నివేదికలు రాసే చోట పదేళ్లు, పన్నెండేళ్లు ఉంటే కింది కోర్టుల తీరే మారుతుంది. "కింది కోర్టు" అన్న మాట అలవాటుగా వచ్చింది, మన్నించండి. ట్రయల్ కోర్టులను అలా పిలవవద్దని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ మాట చదివిన రోజు మా కోర్టు ఆవరణలో ఎంతోమంది న్యాయాధికారుల ముఖాలు వెలిగాయి.

గౌరవం విషయంలో మీరు చేసిన మరో మేలు కూడా చెప్పాలి. బార్ నుంచి వచ్చినా, సర్వీసు నుంచి వచ్చినా హైకోర్టు న్యాయమూర్తులందరికీ ఒకే పూర్తి పింఛను ఇవ్వాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పదవిలోకి వచ్చాక న్యాయమూర్తులంతా ఒకటే అన్న సూత్రం దానితో స్థిరపడింది. పదవిలోకి వచ్చే దారికి ఆ సూత్రం ఇంకా చేరలేదు.

అదే 2025లో సుప్రీంకోర్టు మరికొన్ని ముఖ్యమైన నిర్ణయాలు చేసింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. నేను దాన్ని మనసారా స్వాగతించాను. కక్షిదారు కన్నీళ్లు చూడకుండా కుర్చీ ఎక్కడం మంచిది కాదు. అయితే దానితో పాటే ఒక పరిణామం వస్తుంది: దారి మొదలు మూడేళ్లు వెనక్కి జరిగింది, దారి చివర ఉన్న 62 మాత్రం కదలలేదు. మరోవైపు జిల్లా జడ్జి దాకా వెళ్లే దారులను సుప్రీంకోర్టే దగ్గర చేసింది. పోటీ పరీక్ష ద్వారా పదోన్నతి పొందే కోటాను 10 శాతం నుంచి తిరిగి 25 శాతానికి తెచ్చింది. బార్‌లోనూ సర్వీసులోనూ కలిపి ఏడేళ్ల అనుభవం ఉన్న న్యాయాధికారులు జిల్లా జడ్జి ప్రత్యక్ష నియామకాలకు పోటీ పడవచ్చని అక్టోబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే ఇకపై 40 ఏళ్ల లోపే జిల్లా జడ్జి అయ్యే ప్రతిభావంతులు మన మధ్య ఉంటారు. 50 ఏళ్లకు వారి చేతిలో పదేళ్ల సెషన్స్ కోర్టు అనుభవం ఉంటుంది. అక్కడి నుంచి మిగిలిన ఆఖరి మెట్టు మీ చేతిలో ఉంది.

నవంబరులో ఇంకో తీర్పు వచ్చింది. జిల్లా జడ్జిల సీనియారిటీలో, మెట్టు మెట్టుగా పదోన్నతి పొందిన వారికి ప్రత్యేక కోటా గానీ వెయిటేజీ గానీ ఇవ్వడానికి రాజ్యాంగ ధర్మాసనం అంగీకరించలేదు. ఆ తీర్పు మీద నాకు వివాదం లేదు. అది కేడరు లోపలి వరుసకు సంబంధించినది. హైకోర్టు న్యాయమూర్తి పదవి ఆ వరుసలో తర్వాతి పదోన్నతి కాదు. అది రాష్ట్రపతి సంతకంతో వచ్చే కొత్త రాజ్యాంగ నియామకం. మీరు జాబితాలో మొదటి పది పేర్ల దగ్గరే ఆగాలని ఏ నిబంధనా లేదు. 58 ఏళ్ల 6 నెలలు అన్నది పై హద్దు మాత్రమే. ఆ హద్దు అంచున నిలబడిన వారినే చూడాలని, 50 ఏళ్ల జిల్లా జడ్జి వైపు చూడకూడదని ఎక్కడా రాసి లేదు.

ఇక్కడ నా సొంత బార్‌లోని పెద్దలే నాతో విభేదిస్తారు. సీనియారిటీని పక్కన పెడితే ఇష్టాయిష్టాలు వచ్చి కూర్చుంటాయని వారి భయం. ఆ భయం నిరాధారం అని నేను అనను. జాబితా ఒక్కటే బలహీనుడికి రక్షణగా ఉన్న సందర్భాలు నేనూ చూశాను. కానీ దానికి మందు వయసు మీరిపోయేదాకా ఆగడం కాదు, కొలత బయటపెట్టడం. జిల్లా జడ్జిగా పదేళ్లు పూర్తయిన వారందరినీ ఒకే వరుసలో పరిశీలించండి. వారు రాసిన తీర్పులు ఇన్ని చదువుతాం, అప్పీలులో అవి ఎలా నిలిచాయో చూస్తాం, కక్షిదారులతో, సాక్షులతో, సిబ్బందితో వారి నడవడిక తెలుసుకుంటాం అని ముందే ప్రకటించండి. యూనిట్ల లెక్క ఒక్కటే చూడకండి. అంకెల కోసం తేలిక కేసులు తీసే వారికీ, ఇరవయ్యేళ్ల పాత దావాను పట్టుకుని తెగేదాకా వదలని వారికీ అంకెల్లో తేడా తెలియదు. తీర్పు చదివితే తెలుస్తుంది.

పేరు ముందుకు వెళ్లనప్పుడు ఎందుకు వెళ్లలేదో ఆ మనిషికి మూసిన కవరులోనైనా తెలియజేయండి. 2017 అక్టోబరు నుంచి సుప్రీంకోర్టు కొలీజియం తీర్మానాలు వెబ్‌సైటులో కనిపిస్తున్నాయి. అది పెద్ద అడుగు. హైకోర్టు గడప దాటని పేర్ల సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. 2024లో హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన ఇద్దరు సీనియర్ జిల్లా న్యాయాధికారులు తమ పేర్లను సరిగా పరిశీలించలేదని సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. హైకోర్టు కొలీజియంలోని ముగ్గురూ కలిసి చర్చించి పునఃపరిశీలించాలి, ప్రధాన న్యాయమూర్తి ఒక్కరే తేల్చడం కుదరదు అని సుప్రీంకోర్టు ఆదేశించింది. ముప్పై ఏళ్లు ఇతరుల వ్యాజ్యాలు తీర్చినవారు తమ వ్యాజ్యం తామే వేసుకోవలసిన పరిస్థితి రాకూడదు.

జాప్యం గురించి ఒక్క మాట. ఖాళీ ఏర్పడటానికి ఆరు నెలల ముందే ప్రతిపాదన మొదలు పెట్టాలని నియామక విధాన పత్రంలోనే ఉంది. ఒక ఫైలు ఎనిమిది నెలలు ఆగితే 47 ఏళ్ల న్యాయవాదికి 15 ఏళ్లలో ఎనిమిది నెలలు పోతాయి. 58 ఏళ్ల జిల్లా జడ్జికి నాలుగేళ్లలో ఎనిమిది నెలలు పోతాయి. సర్వీసు నుంచి వచ్చిన పేర్లను ముందు కదిలించమని కేంద్రాన్ని, రాష్ట్ర ప్రభుత్వాలను మీరు అడగవచ్చు.

సంకల్పం ఉంటే ఎంత తేలికగా జరుగుతుందో మనమే చూశాం. 2021లో తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తుల సంఖ్యను 24 నుంచి 42కు పెంచారు. ఆ అక్టోబరులో ఏడుగురు ఒకేసారి ప్రమాణం చేశారు. ఆరుగురు జిల్లా న్యాయవ్యవస్థ నుంచి, ఒకరు ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ నుంచి వచ్చారు. ఏడుగురిలో నలుగురు మహిళలు. ఆ వార్త వచ్చిన ఉదయం మా కోర్టులో ఒక సీనియర్ సివిల్ జడ్జి గారు ఛాంబరులో పత్రిక మడిచి పక్కన పెట్టి, కాసేపటి దాకా కేసు పిలవలేదు. ఆ ఆనందం నాకు అర్థమైంది.

ఈ ఏడాది మా ఊరి కోర్టుకు కొత్తగా ఒక జూనియర్ సివిల్ జడ్జి గారు వచ్చారు. వయసు 28. సాక్షి మాట అర్థం కాకపోతే ఆపి, తెలుగులో మళ్లీ అడిగి, సాక్షి చెప్పిన మాటే రాయిస్తారు. మొన్న ఒక గట్టు తగాదాలో, పొలం స్వయంగా చూస్తే బాగుంటుందేమో అన్నారు. నేను వెంటనే మా బీరువాలోని ఆ పాత తీర్పు కాపీ తీసుకెళ్లి, నిబంధన ప్రకారమే కోర్టు దృష్టికి తెచ్చాను. ఇప్పుడున్న లెక్క ప్రకారం ఆమె పేరు మీ బల్ల మీదికి 2056 ప్రాంతంలో వస్తుంది. అది 2048లోనే రావాలని, ఆనాటికి ఆ బల్ల దగ్గర కూర్చున్నవారు ఆమె రాసిన తీర్పులు చదివి ఉండాలని మిమ్మల్ని వేడుకుంటున్నాను. అందుకు కావలసిన తీర్మానం ఈ ఏడాదే చేయవచ్చు.

ఇట్లు,
భవదీయుడు,
జిల్లా కోర్టులో 31 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఒక న్యాయవాది